1968 అంబాసిడర్ మార్క్ 2: రూపు మారకుండా ఆల్టర్నేటర్, హెడ్‌లైట్లు, ఏసీ... ఏది పెట్టొచ్చు, ఏది వద్దు?

#1 · మార్క్2_మూర్తి · రాజమండ్రి

అందరికీ నమస్కారం. బండి 1968 అంబాసిడర్ మార్క్ 2. 1489 సీసీ పెట్రోలు, స్టీరింగ్ పక్కన గేరు. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు రెండూ ఆర్సీతో సరిపోతున్నాయి. ఛార్జింగ్‌కి డైనమో, దాని రెగ్యులేటర్ అయిన కటౌట్ బాక్సు, పాయింట్ల డెల్కో (డిస్ట్రిబ్యూటర్), నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు. హెడ్‌లైట్లు వేస్తే దీపం బుడ్డి వెలుగే. సిగ్నల్ దగ్గర ఆగితే ఛార్జింగ్ ఎర్ర లైటు వెలుగుతుంది.

కావలసినవి: సరైన హెడ్‌లైట్లు, ఫోన్ ఛార్జింగ్, బ్లూటూత్ పాటలు, నమ్మకమైన బ్రేకులు, కుదిరితే ఏసీ. కానీ బానెట్ ఎత్తినా 1968 బండిలాగే కనపడాలి. వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి పెట్టాలని కూడా ఉంది. ఏ వరసలో మొదలుపెట్టమంటారు?

#2 · టర్బో_చిన్నా · గుంటూరు

అన్నా, ఇన్ని తిప్పలెందుకు? ఇసుజు 1800 ఇంజన్, 5 గేర్ల బాక్సు దించేయ్. ఏసీ లాగుతుంది, పికప్ వస్తుంది. చెన్నై పుదుపేటలో వెతికితే దొరక్కపోదు.

#3 · ఆర్సీ_శాస్త్రి · హైదరాబాద్

చిన్నా, ఆ పని చేస్తే మూర్తిగారి వింటేజ్ దరఖాస్తు అక్కడితో సరి. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన వింటేజ్ రూల్స్ ప్రకారం బండికి మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్... ఈ మూడింట్లో దేన్ని మార్చినా అది పెద్ద మార్పు కింద లెక్క. ఇంజన్ మార్పుకి ఆర్సీలో ఎండార్స్‌మెంట్ వేరే తలనొప్పి. సెక్షన్ 52 కింద తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్సీకీ తేడా రాకూడదు.

కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000, రీ-రిజిస్ట్రేషన్‌కి 5,000. పదేళ్లకు చెల్లుతుంది. దరఖాస్తు పరివాహన్ పోర్టల్లోనే. ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి: వింటేజ్ కింద నమోదైన బండిని రోజూ తిప్పుకోడానికి వీల్లేదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు పోయించడం, రిపేరు... ఇలాంటి వాటికే రోడ్డెక్కాలి. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లే ఆలోచన ఉంటే ఇది మీకు పనికొచ్చే దారి కాదు.

#4 · బుల్లెట్_బుజ్జి · భీమవరం

అయితే పాత ఏపీ నంబరు పోయి ‘వీఏ’ నంబరు వచ్చేస్తుందా సార్? ఆ పాత నంబరే కదా బండికి అందం!

#5 · ఆర్సీ_శాస్త్రి · హైదరాబాద్

పోదు బుజ్జిగారూ. అప్పటికే రిజిస్టరై ఉన్న బండి తన పాత నంబరు ఉంచుకోవచ్చు. రాష్ట్రం కోడు, వీఏ, రెండక్షరాలు, నాలుగంకెలు అనే కొత్త వరస కొత్తగా నమోదయ్యే వాటికే.

#6 · కటౌట్_కామేశ్వరరావు · విజయవాడ ఆటోనగర్

మూర్తిగారూ, మిగతావన్నీ తర్వాత. ముందు బ్యాటరీ దగ్గరికెళ్లి ఏ టెర్మినల్ బాడీకి బిగించి ఉందో చూసి చెప్పండి, ప్లస్సా మైనస్సా? లూకాస్ కాలం బండ్లలో ప్లస్ ఎర్త్ ఉండొచ్చు. అది తేలకుండా ఫోన్ ఛార్జర్ కూడా కొనొద్దు.

#7 · మార్క్2_మూర్తి · రాజమండ్రి

చూశాను. ప్లస్సే బాడీకి ఉంది. కటౌట్ బాక్సు మూత మీద ఆర్‌బీ106 అని ఉంది. డైనమో లూకాస్ సీ40.

#8 · ఓమ్స్‌లా_లక్ష్మి · హైదరాబాద్

సీ40 అంటే గరిష్ఠంగా 22 ఆంపియర్లు. అదీ ఇంజన్ పరిగెడుతున్నప్పుడు. ఐడిల్లో దాదాపు సున్నా, అందుకే సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు. అది జబ్బు కాదు, డైనమో స్వభావమే అంత.

మీరడిగిన వాటికి లెక్క వేద్దాం, 12 వోల్టుల మీద:

హెడ్‌లైట్లు డిమ్‌లో 55 వాట్లవి రెండు: 9 ఆంప్స్. పార్కింగ్, టెయిల్, నంబరు ప్లేటు, మీటర్ల బల్బులు: 3. ఇగ్నిషన్: 4. వైపర్: 3. బ్రేక్ నొక్కినప్పుడు 21 వాట్ల బల్బులు రెండు: 3.5. ఫోన్ ఛార్జర్: 2. మొత్తం 24 దాటింది. అంటే వానాకాలం రాత్రి డైనమో చేతులెత్తేసి బ్యాటరీని తినడం మొదలుపెడుతుంది.

దీనికి ఏసీ కలపండి: బ్లోయరు 8, కంప్రెసర్ క్లచ్ 4, కండెన్సర్ ఫ్యాను 9. ఇంకో 21. ఏసీ కావాలంటే 45 ఆంప్స్ ఆల్టర్నేటర్ కూడా అంచు మీదే నడుస్తుంది. ఏసీ వద్దనుకుంటే మీకు రెండు దారులున్నాయి: డైనమో బదులు ఐడిల్లో కూడా ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌కి మారడం, లేదా డైనమోతోనే సర్దుకోవడం.

#9 · ఒరిజినల్_ఓబులేసు · కర్నూలు

లక్ష్మిగారి రెండో దారి నేను చెప్తాను: డైనమో ఉంచేసుకోండి. నెలకి రెండుసార్లు పగటిపూట తిరిగే బండికి ఆల్టర్నేటర్ దేనికి? డైనమో బుష్, బ్రష్‌లు మార్చి, కమ్యుటేటర్ సన్నగా టర్నింగ్ పట్టించి, కటౌట్ సెట్ చేస్తే ఇంకో ఇరవై ఏళ్లు నడుస్తుంది. మార్క్ 2 బానెట్ ఎత్తగానే ముందు కనపడేది ఆ పొడుగాటి నల్ల డైనమోనే. దాని స్థానంలో వెండిరంగు గుండు ఆల్టర్నేటర్ వేలాడుతుంటే, పంచె మీద టై కట్టినట్టుంటుంది.

#10 · డాలస్_డెల్కో · టెక్సస్

ఓబులేసుగారి బాధకి మందుంది. సీ40 డైనమో ఆకారంలోనే, అదే గొట్టం బాడీలో, లోపల ఆల్టర్నేటర్ ఉన్న యూనిట్లు బ్రిటన్‌లో పాత మోరిస్, ఎంజీ కార్ల కోసం అమ్ముతున్నారు. ప్లస్ ఎర్త్‌కి వేరు, మైనస్ ఎర్త్‌కి వేరు. ఆర్డరు పెట్టేటప్పుడు అది సరిగ్గా చెప్పాలి. కస్టమ్స్ సుంకంతో కలిపి జేబుకి చిల్లే. కానీ పాత బ్రాకెట్టులోనే కూర్చుంటుంది, పైకి తేడా తెలీదు.

#11 · కటౌట్_కామేశ్వరరావు · విజయవాడ ఆటోనగర్

అంత డబ్బు పెట్టలేకపోతే, లోపలే రెగ్యులేటర్ ఉన్న 45 ఆంప్స్ చిన్నకారు ఆల్టర్నేటర్ ఒకటి తీసుకుని నల్ల మ్యాట్ పెయింట్ కొట్టండి. గ్రిల్లు వైపు నుంచి చూస్తే గుర్తు పట్టరు. కానీ ఏదైనా సరే ముందు మైనస్ ఎర్త్‌కి మార్చాల్సిందే. ఇప్పుడున్న ప్లస్ ఎర్త్‌లో సిగరెట్ లైటర్ సాకెట్టు పెట్టి మామూలు ఛార్జర్ గుచ్చితే దానికి కరెంటు తలకిందులుగా వెళ్తుంది. తిప్పి వైరింగ్ చేసినా, యూఎస్‌బీ కేబుల్ మొనకుండే రేకు మైనస్. అది బాడీకి తగిలిందంటే నేరుగా షార్టే.

మార్చే పద్ధతి:

1. బ్యాటరీ రెండు క్లాంపులూ విప్పండి. ప్లస్ పోస్టు లావు, మైనస్ సన్నం. పాత క్లాంపులు అటూ ఇటూ మారిస్తే ఒకటి ఎక్కదు, ఒకటి వదులవుతుంది. ప్యాకింగ్ రేకులు దూర్చకుండా కొత్త క్లాంపులు వేయండి.
2. బ్యాటరీ తిప్పి పెట్టి మైనస్‌ని బాడీకి బిగించండి. ఎర్త్ పట్టీ కింద పెయింటు, తుప్పు గీకేయాలి. ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండే అల్లిక పట్టీ తెగి ఉంటే కొత్తది.
3. కాయిల్ మీద ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉంటాయి. ఆ రెండు వైర్లూ అటుదిటు చేయండి. చేయకపోయినా బండి స్టార్ట్ అవుతుంది, కానీ స్పార్కు తలకిందులై ప్లగ్గుకి ఎక్కువ వోల్టేజి కావాల్సొస్తుంది. చలికాలం పొద్దున మొరాయిస్తుంది.
4. అమ్మీటరు ఉంటే దాని వైర్లు కూడా తారుమారు చేయాలి.
5. పాత రేడియో ఉంటే వైరు పీకి పక్కన పెట్టండి. పోలారిటీ మార్చుకునే ప్లగ్గు వెనక ఉంటేనే మళ్లీ కలపండి.
6. డైనమోనే ఉంచుకుంటే దానికి మళ్లీ పోలారిటీ ఇవ్వాలి. డైనమో మీద ఎఫ్ వైరు విప్పి, బ్యాటరీ ప్లస్ నుంచి ఒక వైరుతో ఎఫ్ టెర్మినల్‌ని రెండు మూడుసార్లు టక్కుటక్కుమని తాకించండి. చిన్న మెరుపు వస్తుంది. ఇది ఇంజన్ స్టార్ట్ చేయకముందే చేయాలి. మరిచిపోతే కటౌట్ పాయింట్లు అతుక్కుపోతాయి.

సెల్ఫ్ మోటారుకి, బల్బులకి, హారన్‌కి పోలారిటీతో పనిలేదు.

#12 · మార్క్2_మూర్తి · రాజమండ్రి

కామేశ్వరరావుగారూ, ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. రాత్రి ప్రయాణాలు ఉంటాయి కాబట్టి ఆల్టర్నేటర్‌కే వెళ్తాను. కటౌట్ బాక్సు మాత్రం అక్కడే కనపడాలి. దాని వైరింగ్ ఎలా?

#13 · ఓమ్స్‌లా_లక్ష్మి · హైదరాబాద్

ఆర్‌బీ106కి కింద ఐదు టెర్మినల్స్: ఏ, ఏ1, ఎఫ్, డీ, ఈ. ఒక్క వైరు కూడా తెంచకుండా చేయొచ్చు. ముందు ఫోటోలు తీయండి, ప్రతి వైరుకీ చీటీ కట్టండి. ఇన్నేళ్లలో వైర్ల రంగులు అన్నీ ఒకే బూడిదరంగుకి వచ్చి ఉంటాయి, రంగుని నమ్మొద్దు, మీటరుతో కంటిన్యుటీ చూసుకోండి.

ఏ అంటే బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు. ఏ1 అంటే లైట్లు, ఇగ్నిషన్ వైపు వెళ్లేది. డీ మీద రెండుంటాయి: డైనమో నుంచి వచ్చే లావుది, డాష్‌బోర్డు ఎర్ర లైటుకి వెళ్లే సన్నది. ఎఫ్ అంటే డైనమో ఫీల్డ్‌కి వెళ్లే సన్న వైరు.

ఇప్పుడు చేయాల్సింది: ఏ, ఏ1 రెండూ బాక్సు వెనక రాగి పట్టీతో కలపండి. డీ మీదున్న ఎర్ర లైటు సన్న వైరు తీసి ఎఫ్ వైరుతో కలపండి. అంటే పాత ఫీల్డు వైరే ఇప్పుడు ఆల్టర్నేటర్ ‘ఎల్’ టెర్మినల్‌కి ఎర్ర లైటు వైరు అయింది. కొత్త వైరు లాగాల్సిన పనే లేదు. డీ లావు వైరు 22 ఆంప్స్‌కి పుట్టింది, దాన్ని 45 ఆంప్స్‌కి వాడొద్దు. రెండు చివర్లా స్లీవ్ తొడిగి లూమ్‌లోనే (వైర్ల కట్టలోనే) పడుకోబెట్టండి. ఆల్టర్నేటర్ బీ-ప్లస్ (కరెంటు బయటికొచ్చే టెర్మినల్) నుంచి సెల్ఫ్ మోటారు సొలినాయిడ్ బ్యాటరీ బోల్టుకి 10 స్క్వేర్ ఎంఎం కొత్త కేబుల్, సొలినాయిడ్ వైపు 60 ఆంప్స్ ఫ్యూజు. అమ్మీటరు ఉంటే ఇకపై అది ఛార్జింగ్ చూపదు, వాడకమే చూపుతుంది. కంగారు పడొద్దు.

ఒక ప్రమాదం: డైనమో డీ వైరులో ఇంజన్ ఆగితే కరెంటు ఉండేది కాదు, కటౌట్ ఆపేసేది. ఆల్టర్నేటర్ బీ-ప్లస్ ఎప్పుడూ లైవ్. బ్యాటరీ విప్పకుండా అక్కడ స్పానర్ పెడితే వెల్డింగే. దానికి రబ్బరు టోపీ తప్పనిసరి.

ఎర్ర లైటు బల్బు 2.2 వాట్ల ఫిలమెంటుదే ఉంచండి. ఆల్టర్నేటర్ మేలుకోవడానికి ఆ బల్బు గుండా వెళ్లే కరెంటే ఆధారం. ఎల్‌ఈడీ వేస్తే ఇంజన్ ఎంత రేజ్ చేసినా ఛార్జింగ్ మొదలవదు. ఎల్‌ఈడీయే కావాలంటే దానికి సమాంతరంగా 68 ఓమ్స్, 5 వాట్ల రెసిస్టర్ పెట్టాలి.

#14 · ఒరిజినల్_ఓబులేసు · కర్నూలు

మాట వింటారని అనుకోలేదులెండి. సరే, ఎలాగూ చేస్తున్నారు కాబట్టి రెండు ముక్కలు. ఆల్టర్నేటర్‌కి వచ్చే సన్న పుల్లీ తీసేసి పాత బెల్టు వెడల్పుకి సరిపోయే పుల్లీ వేయించండి. క్రాంకు పుల్లీ, వాటర్ పంపు పుల్లీ, ఇది మూడూ ఒకే గీతలో ఉన్నాయో లేదో ఇనుప స్కేలు ఆనించి చూడండి. తేడా ఉంటే వాషర్లు కాదు, లేతులో స్పేసర్ చేయించాలి. బెల్టు పొడుగు భాగంలో బొటనవేలితో నొక్కితే 12 మిల్లీమీటర్లు దిగాలి. మరీ బిగిస్తే ముందు పోయేది వాటర్ పంపు బేరింగే.

బోల్టులు యూఎన్‌ఎఫ్ మర, అంగుళాల కొలత. 5/16 బోల్టు రంధ్రంలో 8 ఎంఎం బోల్టు రెండు చుట్లు ఎక్కి ఆగుతుంది. ‘టైటుగా ఉంది’ అని కుర్రాడు రెంచి ఎక్కి తొక్కాడంటే బ్లాకులో మర గోవిందా.

#15 · టర్బో_చిన్నా · గుంటూరు

హెడ్‌లైట్లకి ఎల్‌ఈడీ బల్బులు వేస్తే ఈ లోడు గొడవే ఉండదుగా? రెండూ కలిపి 4 ఆంప్స్ కూడా తినవు.

#16 · ఓమ్స్‌లా_లక్ష్మి · హైదరాబాద్

లోడు తగ్గుతుంది చిన్నా, కాని ఆ 7 అంగుళాల రిఫ్లెక్టర్ ఫిలమెంట్ ఎక్కడ ఉంటుందో లెక్కగట్టి చేసినది. ఎల్‌ఈడీ చిప్పులు సరిగ్గా ఆ చోట కూర్చోవు. వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది, మన రోడ్డు మీద మాత్రం మచ్చలు మచ్చలుగా ఉంటుంది. పైగా 1968 ముఖానికి ఆ నీలం తెలుపు అసలు నప్పదు.

మూర్తిగారి బండిలో వెలుగు లేకపోవడానికి బల్బు కారణం కాకపోవచ్చు. ఇంజన్ రేజ్‌లో పెట్టి బ్యాటరీ దగ్గర ఎంత వోల్టేజి ఉందో, బల్బు హోల్డర్ దగ్గర ఎంత ఉందో కొలవండి. తేడా 0.5 దాటితే లోపం వైరింగ్‌దే. ఫిలమెంట్ వెలుగు వోల్టేజితో పాటు నేరుగా పెరగదు, సుమారు 3.4 ఘాతంతో పెరుగుతుంది. 13.2 వోల్టులు అందాల్సిన చోట 10.8 అందితే వెలుగు సగానికి సగం పోయినట్టే. పాత బండిలో కరెంటు డాష్‌బోర్డు స్విచ్చు దాకా వెళ్లి, కాలితో నొక్కే డిమ్మర్ దాకా దిగి, మళ్లీ ముందుకి రావాలి. ప్రతి మలుపులో సుంకం కడుతుంది.

రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్చులు) చాలు. నీలం-తెలుపు బ్రైట్ వైరు, నీలం-ఎరుపు డిమ్ వైరు గ్రిల్లు వెనక కనెక్టర్ దగ్గర ఊడదీసి ఒక్కొక్కటి ఒక రిలే 86 నంబరు టెర్మినల్‌కి. 85 ఎర్త్‌కి. 30కి సొలినాయిడ్ నుంచి 15 ఆంప్స్ ఫ్యూజు ద్వారా. 87 నుంచి బల్బుకి 2.5 స్క్వేర్ ఎంఎం. ఎర్త్ కూడా అదే సైజులో వేయండి, సగం మంది ఇక్కడే పిసినారితనం చేస్తారు. పాత బుల్లెట్ కనెక్టర్లతోనే కలిపితే రేపు విప్పగానే మళ్లీ ఒరిజినల్. వంగిన గాజున్న, హెచ్4 బల్బు పట్టే హెడ్‌లైటు గిన్నెలు తీసుకోండి, బల్లపరుపు గాజు దూరం నుంచే పట్టిస్తుంది. 60/55 వాట్లు దాటొద్దు.

#17 · బుల్లెట్_బుజ్జి · భీమవరం

రిలేలు బయటికి కనపడకుండా ఎక్కడ పెడతారు మేడమ్?

#18 · కటౌట్_కామేశ్వరరావు · విజయవాడ ఆటోనగర్

దానికే కదా కటౌట్ బాక్సు! ఆల్టర్నేటర్ పెట్టాక లోపలి కాయిళ్లకి పనిలేదు. అయితే మీ ఒరిజినల్ బాక్సుని పాడు చేయకండి, దాన్ని గుడ్డలో చుట్టి దాచండి. కాలిపోయిన పాత బాక్సు ఒకటి తుక్కు ధరకి తెచ్చి, కాయిళ్లు విప్పేసి, లోపల రెండు చిన్న రిలేలు, మూడు బ్లేడు ఫ్యూజులు బిగించి మూత పెట్టండి. వైర్లన్నీ కింది నుంచే వస్తాయి కాబట్టి పైకి ఏమీ కనపడదు. కొత్త వైర్ల మీద నిగనిగలాడే ప్లాస్టిక్ గొట్టం వద్దు. జిగురు లేని నూలు టేపు చుట్టండి.

#19 · మార్క్2_మూర్తి · రాజమండ్రి (తొమ్మిది రోజుల తర్వాత)

మైనస్ ఎర్త్, ఆల్టర్నేటర్, హెడ్‌లైట్ రిలేలు అయ్యాయి. బ్యాటరీ దగ్గర 14.2 వోల్టులు. వెలుగు పగలులా ఉంది. డెల్కోలో పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ కూడా పెట్టించాను. కానీ కొత్త గొడవ: తాళం తీసినా ఇంజన్ ఆగట్లేదు! గేరులో వేసి క్లచ్ వదిలితేనే ఆగుతోంది.

#20 · ఓమ్స్‌లా_లక్ష్మి · హైదరాబాద్

మాడ్యూల్‌కి కరెంటు ఇవ్వడానికి మెకానిక్ ఇంకో రిలే పెట్టాడా?

#21 · మార్క్2_మూర్తి · రాజమండ్రి

అవునండీ. పాత తాళం స్విచ్చులో వోల్టేజి పడిపోతోందని ఇగ్నిషన్‌కి కూడా రిలే పెట్టాడు.

#22 · ఓమ్స్‌లా_లక్ష్మి · హైదరాబాద్

దొరికింది. తాళం తీసినా ఇంజన్ తిరుగుతున్నంతసేపు ఆల్టర్నేటర్ ఎల్ టెర్మినల్ మీద 14 వోల్టులు ఉంటాయి. అది ఎర్ర లైటు బల్బు గుండా వెనక్కి వచ్చి ఇగ్నిషన్ వైరుకి చేరుతోంది. కాయిల్‌ని నడపడానికి ఆ కరెంటు చాలదు, కానీ రిలే కాయిల్‌కి 0.15 ఆంప్స్ చాలు. రిలే పట్టుకునే ఉంటోంది, ఇంజన్‌కి కరెంటు అందుతూనే ఉంది.

ఎర్ర లైటుకీ ఎల్ టెర్మినల్‌కీ మధ్య ఒక 1ఎన్4007 డయోడు (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) పెట్టండి. వెండి గీత ఆల్టర్నేటర్ వైపు ఉండాలి. ఇరవై రూపాయల లోపు వస్తువు.

#23 · డాలస్_డెల్కో · టెక్సస్

ఆ మాడ్యూల్ విషయంలో మూడు జాగ్రత్తలు. కాయిల్ ప్రైమరీ 3 ఓమ్స్‌కి తగ్గకూడదు. 1.5 ఓమ్స్ కాయిల్ పెడితే మాడ్యూల్ వేడెక్కి చస్తుంది. ప్లగ్ వైర్లు రాగి తీగవి కాకుండా కార్బన్ రకం వాడాలి, లేకపోతే ఆ ఇంటర్‌ఫెరెన్స్‌కి మాడ్యూల్ తికమకపడుతుంది, మీ బ్లూటూత్‌లో చిటపటలు వస్తాయి. ఇంజన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో ఉంచి పాటలు వినొద్దు, కాయిల్ గుండా కరెంటు ఆగకుండా పారుతుంది. పాటలకి వేరే స్విచ్చు పెట్టుకోండి.

తీసిన పాయింట్ల ప్లేటు కండెన్సర్‌తో సహా డిక్కీలో ఉండాలి. పాయింట్లు చెడితే ముందే గొణుగుతాయి, గ్యాపు 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) సెట్ చేసుకుని ఇంటికి రావచ్చు. మాడ్యూల్ పోతే చెప్పాపెట్టకుండా పోతుంది.

#24 · మార్క్2_మూర్తి · రాజమండ్రి

డయోడు పెట్టాక తాళం తీయగానే ఆగింది. లక్ష్మిగారికి పూతరేకులు బాకీ.

ఇప్పుడు ఇంకో సమస్య: నెలరోజులు నిలబెడితే పెట్రోలు వాసన, పంపు కింద చెమ్మ. బంకులో అంతా 20 శాతం ఎథనాల్ కలిపిన ఈ20యే కదా, దానివల్లేనా?

#25 · జెట్_జగదీశ్ · విశాఖపట్నం

దానివల్లే అయ్యుండొచ్చు. 1968 రబ్బరు ఎథనాల్‌కి ఉబ్బి, మెత్తబడి, తర్వాత పగుళ్లిస్తుంది. ఫ్యుయల్ పంపు డయాఫ్రం, కార్బరేటర్ నీడిల్ వాల్వు, రబ్బరు గొట్టాలు మూడూ మార్చండి. గొట్టం ఎఫ్‌కేఎం (ఎథనాల్‌ని తట్టుకునే రబ్బరు) లోపొర ఉన్నదే అడగండి. మామూలు నైట్రైల్ గొట్టం బయటికి బాగానే కనపడుతుంది, లోపల నల్ల పొడి రాలి జెట్టు మూసేస్తుంది.

రెండోది మిక్చర్. పెట్రోలుకి బరువు లెక్కన 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 చాలు. పాత జెట్టుతో మిక్చర్ 8 శాతం దాకా పలచబడుతుంది. సోలెక్స్ కార్బరేటర్ జెట్టు నంబరు అంటే రంధ్రం వ్యాసం, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. 125 బదులు 130 వేస్తే రంధ్రం వైశాల్యం 8 శాతం పెరుగుతుంది, సరిగ్గా అదే లెక్క. కానీ వెంటనే మార్చేయొద్దు. ఈ బండ్లలో చాలావాటిని ఎప్పుడో రిచ్‌గా (పెట్రోలు ఎక్కువయ్యేలా) సెట్ చేసి వదిలేశారు. ముందు నాలుగో గేరులో పది కిలోమీటర్లు తోలి, తాళం తీసి పక్కకి ఆపి, ప్లగ్గులు విప్పండి. బిస్కెట్ రంగు ఉంటే ముట్టుకోవద్దు. తెల్లగా సున్నంలా ఉంటే జెట్టు పెంచండి.

కొద్దిరోజులు నిలబెట్టేటప్పుడు ట్యాంకు నిండా ఉంచండి. ఖాళీ ట్యాంకులో గాలి తేమని ఎథనాల్ లాగేసుకుంటుంది, నీరు ఎక్కువైతే విడిపోయి అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది. నెలలు నిలబడే బండైతే ట్యాంకు, కార్బరేటర్ రెండూ ఖాళీ చేయడమే మేలు.

హెడ్ ఎప్పుడైనా దించితే ఎగ్జాస్టు వాల్వులకి గట్టి సీటు రింగులు వేయించండి. దేశమంతటా సీసం లేని పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుంచే. ఈ హెడ్ సీసం ఉన్న కాలం నాటిది. ట్యాపెట్ క్లియరెన్స్ 15 థౌకి పెట్టిన వెయ్యి కిలోమీటర్లకే మళ్లీ మూసుకుపోతోందంటే సీటు తినేస్తోందని అర్థం. బయటికి కనపడని మార్పుల్లో అన్నిటికన్నా విలువైనది ఇదే, నన్నడిగితే ఆల్టర్నేటర్ కన్నా ముందు చేయాల్సింది.

#26 · డ్రమ్ము_దాసు · నెల్లూరు

బ్రేకుల మాట ఎవరూ ఎత్తలేదు. వెలుగు పెరిగితే స్పీడు పెరుగుతుంది మూర్తిగారూ, ఆపడం కూడా చూడాలి.

చివరి తరం 1800 అంబాసిడర్ల ముందు డిస్కులు ఎక్కించేవాళ్లున్నారు. వీల్ కప్పు వేశాక బయటికి కనపడవు, నిజమే. కానీ సగం పనే చేసి వదిలేస్తారు. డ్రమ్ముల మాస్టర్ సిలిండర్‌లో లైన్లో కొంచెం ప్రెషర్ నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది. అదే మాస్టర్‌ని డిస్కులకి కలిపితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. ఇరవై కిలోమీటర్లు వెళ్లి హబ్బు మీద చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది. మాస్టర్ సిలిండర్, సర్వో (కాలి బలానికి తోడయ్యే బూస్టర్) కూడా ఆ డిస్కులకి తగినవే రావాలి.

నా ఓటు డ్రమ్ములకే. డ్రమ్ములు సన్నగా టర్నింగ్, షూలని ఆ డ్రమ్ము వంపుకి గ్రైండింగ్, కొత్త వీల్ సిలిండర్లు, ముందు వెనక ఫ్లెక్సిబుల్ గొట్టాలన్నీ కొత్తవి. గొట్టం లోపల ఉబ్బితే ప్రెషర్ వెళ్తుంది కానీ తిరిగి రాదు, బండి ఒక పక్కకి లాగుతుంది. జనం దాన్ని అలైన్‌మెంట్ అనుకుని టైర్ల షాపుకి పోతారు. బ్రేకు ఆయిలు రెండేళ్లకోసారి మార్చాలి.

రిమోట్ సర్వో పెట్టొచ్చు, మడ్‌గార్డు లోపల దాగుతుంది, మ్యానిఫోల్డ్ వాక్యూమ్‌తో నడుస్తుంది. కానీ సర్వో కాలికి బరువు తగ్గిస్తుందంతే, ఘాట్‌లో డ్రమ్ము వేడెక్కి బ్రేకు జారడాన్ని ఆపదు. డబ్బు పెట్టదలిస్తే సర్వో కన్నా రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ మీద పెట్టండి. ఇప్పుడున్న ఒకే సర్క్యూట్‌లో ఒక వీల్ సిలిండర్ కారితే నాలుగు బ్రేకులూ పోతాయి.

#27 · మార్క్2_మూర్తి · రాజమండ్రి

డ్రమ్ములే ఉంచుతాను దాసుగారూ. రెండు సర్క్యూట్లది వెతుకుతాను. ఇక చివరిది, ఏసీ. మా ఆవిడ మాట ఇది, నాది కాదు.

#28 · జెట్_జగదీశ్ · విశాఖపట్నం

ఆ ఇంజన్ ఇచ్చేది 50 గుర్రాల చిల్లర, అదీ కొత్తలో. కంప్రెసర్ మూడు నాలుగు తినేస్తుంది. పరుగులో భరించొచ్చు, ఐడిల్లోనే అసలు కష్టం. ఏసీ క్లచ్ పట్టగానే ఇంజన్ ముక్కుతుంది, ఆగిపోతుంది. ఐడిల్ పెంచే వాక్యూమ్ సొలినాయిడ్ లేకుండా పెట్టొద్దు. కండెన్సర్ రేడియేటర్ ముందు కూర్చుంటుంది కాబట్టి రేడియేటర్‌కి వచ్చేది వేడి గాలి. మే నెల రాజమండ్రిలో అది మాటలు కాదు.

#29 · డాలస్_డెల్కో · టెక్సస్

డాలస్ ఎండల్లో పాత బ్రిటిష్ కార్లకి ఏసీ పెట్టేవాళ్లు ముందు నీళ్ల సంగతి చూసుకుంటారు. రేడియేటర్ పైన కింద ఇత్తడి ట్యాంకులు పాతవే ఉంచి, మధ్య కోర్ మాత్రం ఒక వరస ఎక్కువున్నది వేయించొచ్చు. బయటికి అదే రేడియేటర్. ఇంజన్ బ్లాకు వెనక నాలుగో సిలిండర్ చుట్టూ చేరిన తుప్పు మడ్డి కోర్ ప్లగ్గులు తీసి గీకకపోతే ఎంత పెద్ద రేడియేటరైనా దండగే. గ్రిల్లు వెనక నల్ల రంగు ఎలక్ట్రిక్ ఫ్యాను, 92 డిగ్రీల దగ్గర ఆన్, 87 దగ్గర ఆఫ్ అయ్యే స్విచ్చు. పాత ఇనుప ఫ్యాను కూడా ఉంచేయండి.

#30 · కటౌట్_కామేశ్వరరావు · విజయవాడ ఆటోనగర్

పెట్టాల్సి వస్తే బ్రాకెట్టు బ్లాకుకి ఇప్పటికే ఉన్న బోల్టు రంధ్రాల మీదే చేయించండి. కొత్త రంధ్రం వేయనివ్వొద్దు. క్రాంకుకి రెండు గాళ్ల పుల్లీ వేరేగా, పాత పుల్లీ దాచి. కూలింగ్ కాయిల్ డబ్బా డాష్‌బోర్డు కింద సామాన్ల అర వెనక కూర్చుంటుంది. డాష్‌బోర్డు రేకు మాత్రం కోయొద్దు, అది మళ్లీ దొరకదు.

కానీ ముందు చవకది ప్రయత్నించండి: కార్పెట్ కింద, రూఫ్ లైనింగ్ పైన 10 మిల్లీమీటర్ల నైట్రైల్ ఫోమ్. సైలెన్సర్ పైప్ మీదున్న నేల రేకు నుంచి వచ్చే వేడే సగం. అది ఆగితే అమ్మగారు ఏసీ మాట మళ్లీ ఎత్తకపోవచ్చు.

#31 · మార్క్2_మూర్తి · రాజమండ్రి

ఫోమ్‌తో మొదలుపెడతాను. ఏసీ వచ్చే వేసవికి చూద్దాం. తీసిన డైనమో, కటౌట్, పాయింట్ల ప్లేటు ఎలా దాచాలి?

#32 · ఒరిజినల్_ఓబులేసు · కర్నూలు

ఇప్పుడడిగారు నాకు నచ్చిన ప్రశ్న. డైనమో వెనక మూత విప్పి బ్రష్‌లు పైకి లాగి, స్ప్రింగు పక్కకి ఆన్చి నిలబెట్టండి, కమ్యుటేటర్ మీద ఆనించి ఉంచితే ఆ చోట మచ్చ పడుతుంది. షాఫ్టుకి పలచగా గ్రీజు రాసి, నూనె కాగితం చుట్టి, అడ్డంగా పడుకోబెట్టండి. కటౌట్ మూత తీయొద్దు, ప్లాస్టిక్ సంచిలో వేయొద్దు, చెమ్మ పడుతుంది, నూలు గుడ్డ చాలు. ఏ బోల్టు దేనిదో చీటీ రాసి అదే డబ్బాలో వేయండి. తనిఖీకి వెళ్లే రోజున ఆ డబ్బా డిక్కీలో ఉండాలి. అడిగితే చూపించండి, అడక్కపోతే మూత తీయకండి.